నా కాలి పుండులో నడిచిన పంపులు

నస్పూర్‌లో మా వాడకట్టున ఎవరినడిగినా చెప్తరు, నేను కరీంనగర్ దవాఖానలో పెద్ద పరిశోధన చేసిన మనిషినని. వాళ్ళకు అట్ల చెప్పింది నేనే. సైంటిస్టులతోని కూర్చున్న, మందులకు లొంగని క్రిముల గుట్టు బయటపెట్టిన, కంప్యూటర్లో నక్ష గీయించిన అని చాయ్ హోటల్లో చెప్పుకున్న. నిజానికి ఆ పరిశోధనకు నేను ఇచ్చింది నా కాలి పుండులోంచి దూదిపుల్లతోని తీసిన చీము. అది గూడ సక్కగ ఇయ్యలే. ఇచ్చుకుంట ఒక అబద్ధం చెప్పిన. ఆ అబద్ధం సంగతి, దాని తర్వాత చెప్పిన ఒక నిజం సంగతి రాస్తున్న.

పుండు ఎట్లయిందో గూడ రెండు తీర్ల చెప్పిన. ఆంజనేయస్వామి మాల వేసుకొని నస్పూర్ నుంచి కొండగట్టు దాక ఉట్టి కాళ్ళతోని నడిచిపోయిన అని ఒక తీరు. మాల వేసుకున్నది నిజమే. జగిత్యాల దాక బస్సు, అక్కడినుంచి ఆటో. నడిచింది గుట్ట మీదనే. ఎండాకాలం, బండలు పెనం లెక్క కాలుతున్నయి. నాకు షుగర్ ఇరవై ఏండ్ల సంది ఉన్నది, అరికాళ్ళకు సోయి లేదు. అందరు ఎగిరెగిరి ఉరుకుతుంటె నేను నిమ్మళంగ నడిచిన. ఎవరో ఒకాయన చూసి నాకే దండం పెట్టిండు. నాకు గూడ అది భక్తే అనిపించింది. ఇంటికొచ్చినంక మా ఇంటామె కాళ్ళ మీద నీళ్ళు పోస్తుంటె పెద్ద బొబ్బ కనబడ్డది.

వానలు పడేటప్పటికి బొటనవేలు పక్క వేలు నల్లబడ్డది. కరీంనగర్‌లో కాలి పుండ్లు చూసే దవాఖానకు పోతే ఆ వేలు తీసేసిండ్రు. వేలు పోయింది గని పుండు పోలే. ప్రతి మంగళవారం నేను, మా ఇంటామె మంచిర్యాలలో బస్సెక్కి కరీంనగర్ పోవుడు, పట్టీ మార్పించుకొని మాపటికి తిరిగొచ్చుడు. డాక్టరు సారు ఒక మందు రాస్తే పది రోజులు నయమైనట్టే ఉండి మల్ల చీము పట్టేది. ఇంకో మందు రాస్తే మల్ల అదే కత.

ఒక మంగళవారం ఆ పట్టీలు కట్టే రూములోకి ఐసు డబ్బ పట్టుకొని ఒక పిల్ల వచ్చింది. ఇరవై ఆరేడేండ్లుంటయి. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నదట. వాళ్ళది కరీంనగర్ దిక్కు ఒక పల్లె, వ్యవసాయం చేసుకునే ఇల్లు, మెథడిస్టు చర్చికి పోయేటోళ్ళు. వాళ్ళ తాత మిషన్ దవాఖానలో కాంపౌండరుగ చేసిండట. చీమును చూసి గూడ మొకం తిప్పుకోని పిల్లను నేను మొదటిసారి అప్పుడే చూసిన.

"తాతా, నీ పుండు నాకు కావాలె," అన్నది.

"తీస్కపో బిడ్డా. నేనేం జేసుకుంట దాంతోని?"

"మొత్తం వద్దు. వారం వారం జరంత."

మా ఇంటామె అందుకున్నది. "ముసలాయన్ని గూడ తీస్కపో. రెండు కలిసే వస్తయి."

ఆ పిల్ల నవ్వి, స్టూలు గుంజుకొని కూర్చొని చెప్పింది. పుండులో క్రిములు దేనికది విడిగ ఉండయట. జిగురు పొర కట్టుకొని, అందులో గుంపుగ ఉంటయట. దానికి బయోఫిలిం అని పేరు. మందు పోస్తే పైనున్నయి చస్తయి, లోపలివి పండుకుంటయి. మందు ఆపినంక అవి లేచి మల్ల గుంపు కడతయి.

నాకు ఇది కొత్త ముచ్చట గాదు. బొగ్గుబాయిలో ముప్పై ఏండ్లు పంపు ఖలాసీగ చేసిన. బాయి అడుగున ఊరే నీళ్ళను పైకి తోడిపోసుడు నా పని. పైపుల లోపట నల్లటి పాకురు పడుతది. మందునీళ్ళు పోస్తే పైపొర పోతది, పదిరోజుల్లో మల్ల పడుతది. గీకితేనే పోతది. అదే చెప్పిన. ఆ పిల్ల నోటుబుక్కు తీసింది. ఇగ నన్ను ఆపెటోళ్ళెవరు?

"ఒక్క పంపును చూస్తే ఏం తెలువది బిడ్డా. కింద పంపు ఆగితే పై గుంట ఎండుతది, పక్క గుంట నిండుతది, ఇంకేడనో మోటరు వేడెక్కుతది. బాయి నక్ష మొత్తం ముందలేసుకొని చూడాలె," అన్న.

"నా పని గూడ గదే తాతా," అన్నది. "ఒక్క క్రిమిని, ఒక్క జన్యువును పట్టుకొని చూస్తే ఈ జిగురు సంగతి అర్థం కాదు. ఏవి నడుస్తున్నయి, ఏవి ఆగినయి, ఏది దేనికి కబురు పంపుతున్నది, అన్నీ ఒక్కసారే కొలిచి కంప్యూటర్ల వల లెక్క గీస్తం. ఇక్కడ గుంజితే అక్కడ ఏం కదులుతదో చూస్తం. దాన్నే సిస్టమ్స్ బయాలజీ అంటరు."

ఈ ముచ్చట నేను తర్వాత శానమందికి చెప్పిన, సిస్టమ్స్ బయాలజీ ఆ పిల్లకు నేర్పింది నేనే అని. పైన రాసిన వరుస గూడ అట్లనే ఉన్నది. ఆ వరుస నేను సదిరింది. ముందు ఆ పిల్లే తన పని చెప్పింది. నేను సగం సమజై, సగం కాక తల ఊపుకుంట ఉండి, చివరికి బాయి నక్ష ముచ్చట తీసిన. "అవును తాతా, జర గట్లనే," అన్నది. ఆ 'జర' మాటను నేను బస్సు దిగేలోపల మరిచిపోయిన.

ఇంకో సంగతి గూడ చెప్పింది, అది విని నేను మంచం మీద లేచి కూర్చున్న. క్రిములకు గూడ పంపులుంటయట. మందు లోపలికొస్తే తోడి బయట పోస్తయట. అన్ని మందులకు ఒకే పంపు గాదు, కొన్నిటికి కొన్ని. ఎప్పుడూ నడువయి, పనిబడితే మొదలైతయి.

"అంటే నా కాలులోపట ఖలాసీలున్నరా?"

"లక్షలమంది తాతా."

"నడిపిచ్చేది ఎవరు?"

"గదే చూడాలె."

నా దగ్గర చీము తీసుకున్న ప్రతిసారి ఒక కాయితం నింపేది. ఏ మందు వాడుతున్నవ్, ఏ దినం మొదలుపెట్టినవ్, ఏ దినం ఆపినవ్. "తినేటియి, సూదులు, పూసుకునేటియి, అన్నీ చెప్పాలె," అనేది. నేను డాక్టరు సారు రాసిన చీటీ తీసి దినాలతోసహ చెప్పేటోన్ని. "అందరిట్ల నువ్వే మంచిగ లెక్క చెప్తవ్ తాతా," అన్నది ఒకసారి. బయట కూర్చున్న మా ఇంటామెకు వినబడేటట్టు మల్ల ఒకసారి చెప్పుమన్న.

బతుకమ్మ పండుగకు మా చిన్నల్లుడు మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిండు. సబ్బులు, సెంటు, ఖర్జూరతోపాటు రెండు పట్టీల గోలీలు తెచ్చిండు. కంపెనీ క్యాంపు దవాఖానలో తనకిచ్చినయి తినకుండ దాచిపెట్టిండు. సగం ఎర్రగ సగం పసుపుగ ఉండే గొట్టం గోలీలు. "మామా, గట్టి మందు. ఇక్కడ దొరుకది," అన్నడు. మా దిక్కు అట్లాంటి గోలీని అందరు మింగరు. విప్పి, లోపలి పొడిని పుండు మీద చల్లుతరు. బాయిలో చెయ్యి కోసుకుపోయినా మేము అదే చేసేది. మనుషులకు, ఎడ్లకు, మేకలకు ఒకటే వైద్యం. నేను గూడ పట్టీ జరంత పైకి లేపి పొడి చల్లి, మల్ల ఎప్పటిలెక్కనే చుట్టిన. మా ఇంటామె చూసింది. కాయితంలో మాత్రం చెప్పలే.

ఎందుకు చెప్పలే అని తర్వాత అడిగినోళ్ళకు, పొడి చల్లుడు మందు వాడుడు కిందికి వస్తదని నాకు తెలువకపాయె అన్న. అది గూడ అబద్ధమే. పూసుకునేటియి చెప్పాలె అని ఆ పిల్ల అన్నది నేను విన్న. అంతకు ముందు నెలనే ఒకాయన గిట్లనే పొడి చల్లుకొని వస్తే డాక్టరు సారు అందరి ముందట, "నువ్వే డాక్టరువైతే నా దగ్గరికెందుకొచ్చినవ్?" అని కడిగేసిండు. నాకు ఆ తిట్లు వద్దు. ఆ పిల్ల మెచ్చుకున్నది పోగొట్టుకునుడు గూడ ఇష్టం లేదు.

చలి తగ్గినంక ఒక మంగళవారం ఆ పిల్ల ఐసు డబ్బ లేకుండ లాప్‌టాప్ పట్టుకొని వచ్చింది. నవ్వు ఆపుకోలేకపోతున్నది. దవాఖాన వరండాలో మా ఇద్దరి నడుమ కూర్చొని తెరిచింది. చుక్కలు, గీతలు, పెద్ద వల. అందులో ఒక మూలకు చుక్కలన్నీ ఎర్రగ ఉన్నయి.

"గివి పంపులు తాతా. సెప్టెంబరు ఆఖరుకు ఒక్కసారే మొదలైనయి. ఇంకో నెల తర్వాత మల్ల జరంత లేచినయి. ఇవి తోడిపోసే మందు నీకు ఇయ్యనే లే. మందు లేకుండ పంపులెందుకు నడుస్తయి? ఆ జిగురుల పక్కపక్క క్రిములు ఒకదానికొకటి కబురు పంపుకుంటున్నయి. ఇట్ల రోగి పుండుల వారం వారం ఎవరు చూడలే. వచ్చే నెల హైదరాబాద్ మీటింగ్ల చెప్పుతున్న. మా గైడు సారు గూడ మస్తు ఖుషీగున్నడు. మూడేండ్ల సంది చేసిందంత దీని మీదనే నిలబడ్డది."

"నా పేరు చెప్తవా?" అన్న.

"పేరు రాయరాదు తాతా. నెంబరు వేస్తం."

మా ఇంటామె వలను చూడలే, నన్ను చూసింది. "సెప్టెంబరు ఆఖరంటె బతుకమ్మ దినాలు గాదా?" అన్నది. నేను చాయ్ తాగి వస్త అని లేచిన.

బస్సు పెద్దపల్లి దాటింది. మా ఇంటామె మొదలుపెట్టింది.

"చెప్పవా?"

"ఏం చెప్పాలె?"

"నీ మస్కట్ పొడి."

"అంత దానికే నడుస్తయానే పంపులు?"

"పంపుల సంగతి నీకు తెలువదా? ముప్పై ఏండ్లు చేసినవ్. ఆ పిల్ల పోయి హైదరాబాద్ల నలుగురి ముందట మందు లేదు, మందు లేదు అని చెప్తది. రేపు మందున్నదని తేలితే దాని మూడేండ్ల చదువు ఏమైతది? నీకు డాక్టరు తిట్లే పెద్దగున్నయా?"

ఆ వారమంత నేను ఆలోచించింది ఎట్ల చెప్పాలె అని గాదు, ఎట్ల చెప్పకుండ తప్పించుకోవాలె అని. అల్లుడు చల్లిండని చెప్దామా అనుకున్న. మా ఇంటామె మీద పెడదామా అనుకున్న. మీటింగు అయిపోయేదాక జ్వరమని పండుకుందామని గూడ అనుకున్న. మంగళవారం పొద్దుగాల ఆమె ఆ గోలీల పట్టీలు నా అంగీ జేబులో పెట్టి గుండీ పెట్టింది. ఇగ తప్పలే.

వరండాలోనే చెప్పిన. జేబులోంచి పట్టీలు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టిన. వెనుక రాసిన పేరు చదివింది. మల్ల చదివింది. ఏడుస్తదనుకున్న, ఏడువలే. తిడ్తదనుకున్న, తిట్టలే. తిడితే బాగుండు.

"ఇదే మందు తాతా," అన్నది. "ఆ పంపులు తోడిపోసేది దీన్నే."

"తప్పయింది బిడ్డా."

"ఎప్పుడు మొదలుపెట్టినవ్?"

తారీకు నాకు యాదికి లేదు. మా ఇంటామె చెప్పింది. "ఎంగిలిపూల నాడు పొద్దుగాల మొదలుపెట్టిండు. తొమ్మిదో నాడు, సద్దులకు ఆఖరు. నడుమ అలిగిన బతుకమ్మ నాడు పట్టీ విప్పలే. అంటే ఎనిమిది దినాలు, దినానికొక్కటి." ఆ పిల్ల చర్చికి పోయే ఇంట్లో పుట్టినా, వాడకట్టు ఆడపిల్లలతోని బతుకమ్మకు పువ్వులు తెచ్చిన పిల్లనే. అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ అని దినాల వరుస తప్పకుండ వేళ్ళ మీద లెక్కబెట్టి ఫోన్లో తారీకులు చూసి రాసుకున్నది. పెద్ద ఎరుపు లేచింది సరిగ్గ ఆ రెండు వారాల చీములోనే. మందు వచ్చింది, పంపులు నడిచినయి. అందులో కొత్తది ఏమీ లేదు. పుస్తకాల్లో ఉన్నదే.

హైదరాబాద్‌లో చెప్పుడు ఆపేసుకున్నది. డాక్టరు సారుకు గూడ తెలిపింది. ఆయన తిట్టిన తిట్లు రాయను. తిట్టి, పుండును మల్ల గీకి శుభ్రం చేసి, మందు మార్చిండు. శివరాత్రి నాటికి పుండు మానుముఖం పట్టింది.

నేను అంతటితో అయిపోయిందనుకున్న. తర్వాతి వారం పట్టీలు కట్టే రూములోకి ఆ పిల్ల మల్ల వచ్చింది. కండ్లు గుంజుకుపోయి ఉన్నయి. లాప్‌టాప్ తెరిచి ఈసారి రెండో ఎరుపును చూపించింది, నెల తర్వాత లేచిన చిన్నది.

"ఇది గూడ చెప్పు తాతా. ఇప్పుడే చెప్పు. దీపావళి దాటినంక మల్ల చల్లినవా?"

"లే."

"ఒక్కటన్న?"

"ఒక్కటి గూడ లే. నా అవ్వ తోడు."

ఆ పిల్ల పర్సులోంచి నేనిచ్చిన గోలీల పట్టీలు తీసింది. "రెండు పట్టీల ఇరవై ఉండాలె. ఎనిమిది చల్లినవన్నవ్. పన్నెండు మిగలాలె. తొమ్మిదే ఉన్నయి. మూడు ఎటు పోయినయి?"

ఎటు పోయినయో నాకు తెలుసు. పక్కింటోళ్ళ మేకను కుక్క కరిస్తే దాని తొడకు చల్లిన. మస్కట్ మందని పక్కింటామెకు చెప్పలే, చెప్తే దినాం అడుగుతదని. మా ఇంటామె అప్పుడు బిడ్డ దగ్గరికి పోయింది. ఆ మేకను తర్వాత అంగట్లో అమ్మేసిండ్రు.

"మేకకు పెట్టిన," అన్న.

ఆ పిల్ల నా మొకం చూసింది. పట్టీలు కట్టే నర్సమ్మ పక్కకు తిరిగి నవ్వింది. నేను మా ఇంటామె దిక్కు చూసిన. "చెప్పవే," అన్న.

"నేను చూడంది ఎట్ల చెప్పాలె?" అన్నది.

"నలభై ఐదేండ్లు కాపురం చేసినవ్, నా మాట మీద నమ్మకం లేదా?"

"నలభై ఐదేండ్లు చేసినందుకే."

చిన్న ఎరుపు ఆ పిల్లకు మిగిలిన ఆఖరుది. నేను మల్ల చల్లి ఉంటె అది గూడ పుస్తకాల్లో ఉన్నదే అయితది, మూడేండ్ల పనిలో కొత్తగ చెప్పడానికి ఏమీ ఉండది. చల్లకపోతే, మందు లేకుండనే పంపులు నడిచినట్టు. దానికి సాక్ష్యం నా నోరు ఒక్కటే.

"నన్ను నమ్ము బిడ్డా," అన్న. ఆ మాట అంటుంటె నా గొంతు నాకే అబద్ధమాడేటోని గొంతు లెక్క వినబడ్డది. అలవాటైన గొంతు అదే మరి.

"నమ్మేది నమ్మనిది గాదు తాతా," అన్నది. "నువ్వు చెప్పినవని నేను రాయరాదు. నీ ఆ వారం చీము ఫ్రీజర్ల దాచిపెట్టిన. దాన్ని గాజు పళ్ళెంల పెంచి జిగురు కట్టనిస్త. ఏ మందు చుక్క వెయ్య. అప్పుడు పంపులు నడుస్తయో లేదో చూస్త."

"ఎన్ని దినాలు?"

"ఒక్కసారి చేస్తే సరిపోదు. మల్ల మల్ల చెయ్యాలె. ఎండలు ముదురుతయి కావచ్చు."

నేను జీవితంలో ఆడిన అబద్ధాలకు ఎప్పుడు ఇంత పరేషాన్ కాలే. అబద్ధం ఎటుపోతే ఎటు మలుపాలెనో నాకు తెలుసు. ఈ నిజం నా చేతిలో లేదు. ఎక్కడనో మూసిన గదిలో, గాజు పళ్ళెంలో, నా కాలిలోంచి పోయిన క్రిములు చెప్పాలె. అవి నా పుండులో నెలల కొద్ది తిన్నయి, ఒక వేలు తీయించినయి. ఇప్పుడు నా దిక్కు సాక్ష్యం చెప్పాలె.

దినాం పొద్దుగాల ఫోన్ చేద్దామని తీసుడు, పెట్టుడు. మా ఇంటామె చూసి చూసి అన్నది: "నిజమే చెప్పినవ్ గదా, ఫికరెందుకు?"

"నువ్వు నమ్ముతున్నవా?"

"మేక సంగతా?"

"అన్నీ."

"చూద్దాం తియ్," అన్నది.

నడుమ ఒకసారి దవాఖానకు పోతే ఆ పిల్ల కొత్త కాయితం పట్టుకొని తిరుగుతున్నది. మందుల కింద ఇంకో వరుస చేర్చింది: ఇంట్లో చల్లుకున్నవి, చుట్టాలు తెచ్చినవి, పక్కింటోళ్ళు ఇచ్చినవి. మంచాల మీదున్నోళ్ళు లే, లే అంటున్నరు. నేను పోయి ఒకాయన పక్కన కూర్చొని, "నేనైతే పట్టీకి పట్టీ చల్లిన," అన్న. "నేను గంత చల్లలే, రెండే," అని ఆయన నోరు తెరిచిండు. ఆ పిల్ల రాసుకున్నది. రాసుకుంట నన్ను గుర్రున చూసింది. గాజు పళ్ళెం సంగతి అడుగుదామనుకున్న, అడిగే ధైర్యం రాలే.

ఎండలు బాగ ముదిరినంక ఒక పగటిపూట, నేను తిని వసారాలో కూర్చున్నప్పుడు ఫోన్ వచ్చింది. ఆ పిల్లదే. ఐదు నిమిషాలు మాట్లాడింది. అందులో సగం నా షుగర్ ఎంతున్నది, కాలు దినాం చూసుకుంటున్నవా అనుడే. ఫోన్ పెట్టినంక మా ఇంటామె తలుపు దగ్గరికొచ్చింది.

"ఏమన్నది?"

"తాతా, నువ్వు అబద్ధమాడలే, నిన్ను అనుమానించినందుకు నన్ను క్షమించు అన్నది."

"గట్ల అన్నదా?"

నేను ఫోన్ తీసి అంగీ జేబులో పెట్టిన.

"అనలే. మందు వెయ్యకున్నా గాజు పళ్ళెంల గూడ పంపులు నడిచినయి, మూడుసార్లు చేస్తే మూడుసార్లు నడిచినయి అన్నది."

"క్షమించుమని?"

"అనలే."

"మరి నువ్వు అబద్ధమాడలేదని?"

"అది గూడ అనలే."

"పంపులు నడిచినయన్నదా లేదా?"

"అన్నది."

మా ఇంటామె కొంగుతోని మొకం తుడుచుకొని అక్కడనే గడప మీద కూర్చున్నది. "అయితే మేకకే పెట్టినవన్నట్టు," అన్నది.